మొసలి ఊపిరితిత్తుల్లో కాపురం

2023 డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటే ముందు చెన్నైని ముంచేసి పోయింది. ఆ వానల్లోనే నగరం దక్షిణ శివార్లలో, పెరుంగళత్తూరు దగ్గర, ఒక మొసలి రాత్రిపూట తాపీగా రోడ్డు దాటుతూ కారు కెమెరాకు చిక్కింది. తెల్లారేసరికి ఆ వీడియో చెన్నై తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోంచి నెల్లూరు, గుంటూరు చుట్టాల గ్రూపుల్లోకి పాకింది. మొసళ్ళను పెంచే క్రొకొడైల్ బ్యాంకు గోడ దూకి వచ్చేసిందేమోనని చాలామందికి టెన్షన్. నిజానికి అది ఎక్కడినుంచీ తప్పించుకుని రాలేదు. వండలూరు పక్కనే ఉన్న నెడుంగుండ్రం చెరువులోనూ, ఆ చుట్టుపక్కల నీళ్ళలోనూ మగ్గర్ అనే మంచినీటి మొసళ్ళు ఎన్నాళ్ళనుంచో ఉంటున్నాయి. చెరువు పొంగితే అవీ గట్టెక్కుతాయి. జనాన్ని తప్పించుకు తిరిగే బిడియపు జంతువులివి, వాటి జోలికి పోకుండా ఉంటే చాలని ప్రభుత్వాధికారులు అప్పుడే చెప్పారు.

మొసలి కనబడగానే ఎవరి చూపైనా దాని పళ్ళ మీదికే పోతుంది. శాస్త్రం దృష్టిలో అంతకంటే ఆసక్తి కలిగించేది ఇంకాస్త లోపల, ఊపిరితిత్తుల్లో ఉంది.

నైలు నదీ తీరం నుంచి ఆస్ట్రేలియా ఉత్తర తీరం దాకా, స్వేచ్ఛగా తిరిగే మొసళ్ళ ఊపిరితిత్తులను కోసి చూసినవాళ్ళకు పదేపదే ఎదురయ్యే పరాన్నజీవుల గుంపు ఒకటుంది. వాటిని పెంటాస్టోమిడ్లు అంటారు. నాలుక పురుగులని కూడా పిలుస్తారు. మొసళ్ళలో కనిపించే వాటిలో ముఖ్యమైన ప్రజాతులు సెబెకియా, అలోఫియా, లైపీరియా. సెబెకియా రకాలు సాధారణంగా సెంటీమీటరుకు అటూఇటూ పొడవుంటాయి. లేత రంగు, ఒళ్ళంతా ఉంగరాలు పేర్చినట్టు మడతలు. పోస్టుమార్టం బల్ల మీద ఊపిరితిత్తిని చీల్చినప్పుడు, నురగ కలిసిన రక్తం మధ్య ఇవి తెగిన సేమియా ముక్కల్లా కనబడతాయి. పటకారుతో పట్టి లాగితే చటుక్కున ఊడిరావు. నోటి చుట్టూ ఉన్న నాలుగు కొక్కేలను ఊపిరితిత్తి గోడలోకి దించుకుని కూర్చుంటాయి. ఆ కొక్కేల మధ్యనున్న నోటితో సన్నని రక్తనాళాల్లోంచి రక్తం పీల్చుకుంటాయి. మొసలి చచ్చిపోయి ఒళ్ళు చల్లబడ్డాక కొన్నిసార్లు వాటంతట అవే పట్టు వదిలి గొంతులోకి, నోట్లోకి పాకి వస్తాయి.

పురుగు అంటున్నాం గానీ ఇవి ఏలికపాముల చుట్టాలు కావు, బద్దెపురుగుల చుట్టాలు కావు. రొయ్యలు, పీతలు ఉండే క్రస్టేషియన్ల వర్గంలోవి. దగ్గరి బంధువు ఎవరో చెబితే ఆంధ్రా ఆక్వా రైతులు ఉలిక్కిపడతారు. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో చేపల ఒంటికి అంటుకుని రైతును విసిగించే ఆర్గులస్, అంటే చేప పేను, వీటికి అత్యంత సమీప బంధువు. 1972లో వింగ్‌స్ట్రాండ్ అనే శాస్త్రవేత్త రెండింటి వీర్యకణాల నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పోల్చి చూసి ఈ మాట అన్నప్పుడు పెద్దగా ఎవరూ నమ్మలేదు. చేప ఒంటి మీద చెంగుచెంగున ఈదే పేనెక్కడ, మొసలి ఊపిరితిత్తిలో కదలకుండా పడుండే ఈ పురుగెక్కడ? 1989లో జన్యుపరమైన ఆధారం దొరికింది. 2004లో మైటోకాండ్రియా జన్యువుల క్రమం కూడా అదే దారి చూపించింది. పైకి కనిపించే రూపాన్ని నమ్ముకుని వర్గీకరణ చేస్తే ఎంత దారి తప్పుతామో చెప్పడానికి జీవశాస్త్రంలో ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

అయితే ఈ బంధుత్వంతో లెక్క పూర్తిగా తేలిపోలేదు. స్వీడన్‌లో సుమారు 50 కోట్ల ఏళ్ళనాటి సున్నపురాళ్ళలో నాలుక పురుగు పిల్లరూపాలను పోలిన సూక్ష్మ శిలాజాలు దొరికాయని వాలోసెక్, ముల్లర్ 1994లో ప్రకటించారు. అప్పటికి నేల మీద వెన్నెముక జీవులే లేవు. ఊపిరితిత్తులు లేవు, మొసలి అన్న ఊహే లేదు. 2015లో ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్ నుంచి 42.5 కోట్ల ఏళ్ళనాటి మరో శిలాజం బయటపడింది. అందులో పూర్తిగా ఎదిగిన నాలుక పురుగులు ఒక బుల్లి క్రస్టేషియన్‌ను అంటిపెట్టుకుని ఉన్నాయి. అంటే ఈ జీవులు పరాన్నజీవనం నేర్చింది సముద్రంలో. ఊపిరితిత్తి ఆ తర్వాతెప్పుడో దొరికిన ఇల్లు. చేప పేనుతో దగ్గరితనం, శిలాజాల వయసు ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయన్నది ఈనాటికీ వాదనే.

మొసలి ఊపిరితిత్తిని ఇవి ఎందుకు ఎంచుకున్నాయో అర్థం కావాలంటే ఆ ఊపిరితిత్తి పనితీరు కొంత తెలియాలి. మన ఊపిరితిత్తుల్లో గాలి వచ్చిన దారినే బయటికి పోతుంది. మొసలి జాతిలో అలా కాదు. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన కొలీన్ ఫార్మర్, కెంట్ శాండర్స్ 2010లో ఎలిగేటర్ల మీద చేసిన పరిశోధనలో, లోపలి గొట్టాల్లో గాలి పక్షుల్లో లాగా ఒకే దిక్కుగా తిరుగుతుందని తేలింది. ఊపిరి పీల్చడానికి పక్కటెముకలే కాక కాలేయం కూడా సాయపడుతుంది. ఒక కండరం కాలేయాన్ని వెనక్కి లాగితే ముందు భాగంలో చోటు ఏర్పడి గాలి లోపలికి వస్తుంది. నీళ్ళలో మునిగినప్పుడు గుండె వేగం తగ్గిపోతుంది, రక్తం ఊపిరితిత్తులను కొంత తప్పించుకుని దారి మళ్ళుతుంది. పెద్ద మొసలి కదలకుండా గంటకు పైగా నీటి అడుగున ఉండగలదు.

పరాన్నజీవి వైపు నుంచి చూస్తే ఇది ఎంతో అనువైన చోటు. వెచ్చదనం, తడి, రక్తం, నిలకడ అన్నీ ఉన్నాయి. పేగులో ఉంటే జీర్ణరసాలతో, ఆహారం తోపుడుతో నిత్యం పోరాడాలి. ఊపిరితిత్తిలో ఆ గొడవ లేదు. పైగా మొసలి ఎక్కువసేపు పరుగెత్తే జంతువు కాదు. మాటు వేసి, ఒక్క ఉదుటున దూకి, మళ్ళీ గంటల తరబడి పడుకుంటుంది. ఊపిరితిత్తి సామర్థ్యం కొంచెం తగ్గినా ఆకలితో చావదు. అదే పరుగు మీద బతికే జంతువైతే కథ వేరు.

మరి శరీరం ఊరుకుంటుందా? రక్తం తాగుతున్న పరాయి ప్రాణి ఏళ్ళ తరబడి కొక్కేలు దించి కూర్చుంటే రోగనిరోధక వ్యవస్థ విరుచుకుపడాలి. ఇక్కడ నాలుక పురుగు ఎత్తుగడ మెచ్చుకోవలసిందే. దాని ఒంట్లోని గ్రంథులు కొవ్వు పదార్థంతో కూడిన ఒక స్రావాన్ని వదులుతూ ఒళ్ళంతా పూసుకుంటాయి. ఊపిరితిత్తుల గాలిగదులు ఒకదానికొకటి అతుక్కోకుండా శరీరం స్వయంగా తయారుచేసుకునే సర్ఫాక్టెంట్ పూతకు ఇది చాలా దగ్గరగా ఉంటుంది. దాంతో ఆశ్రయమిచ్చిన జంతువు శరీరానికి అది తన వస్తువో, పరాయి వస్తువో తేల్చుకోవడం కష్టమవుతుంది. బ్రిటిష్ పరాన్నజీవి శాస్త్రవేత్త జాన్ రైలీ ఏళ్ళ తరబడి ఈ స్రావం మీదే పనిచేశాడు. బతికున్న పురుగు చుట్టూ వాపు పెద్దగా ఉండకపోవడం, చచ్చిన పురుగు చుట్టూ మాత్రం వాపు, చీము కట్టడం ఈ పూతతో అర్థమవుతాయి. పురుగు చస్తే పూత ఆగిపోతుంది, వేషం బయటపడుతుంది.

పశువైద్యులకు ఇదే తలనొప్పి. మందు కొట్టి పురుగుల్ని చంపడం కష్టమేమీ కాదు. చచ్చినవి ఊపిరితిత్తుల్లోనే ఉండిపోతే వచ్చే వాపు, అడ్డంకి అసలు జబ్బుకంటే ప్రమాదం కావచ్చు. అందుకే పాముల్లో వచ్చే ఇలాంటి పెద్ద పురుగులను కొన్నిచోట్ల ఎండోస్కోపుతో చూస్తూ ఒక్కొక్కటే బయటికి లాగుతారు. మూడు మీటర్ల మొసలికి ఆ వైద్యం చేయడం ఎంతటి పనో చెప్పనక్కర్లేదు.

ఇక ఇవి ఒక మొసలి నుంచి మరో మొసలికి చేరే దారి. ఊపిరితిత్తిలో ఆడపురుగు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కళ్ళెతోపాటు గొంతులోకి వస్తాయి, మొసలి మింగేస్తుంది, చివరికి మలంతో నీళ్ళలో కలుస్తాయి. మైక్రోస్కోపు కింద చూస్తే ఆ గుడ్డులో అప్పటికే పిల్ల తయారై ఉంటుంది. గోళ్ళున్న నాలుగు పొట్టి కాళ్ళు, కణజాలాన్ని చీల్చే చిన్న పరికరం, చూడటానికి అచ్చం నల్లి. పెద్దయ్యాక ఈ కాళ్ళు మాయమవుతాయి. క్రస్టేషియన్ల చుట్టమన్న ఆనవాలు ఈ దశలోనే కాస్త కంటికి కనబడుతుంది. ఆ గుడ్డు చేప కడుపులోకి వెళ్తే, పిల్ల పేగు గోడ చీల్చుకుని చేప ఒంట్లో స్థిరపడి, కుబుసాలు విడుస్తూ ఎదుగుతుంది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో కెర్స్టిన్ యుంకర్, బూమ్‌కర్ బృందం 1990ల చివర్లో తిలాపియా జాతి చేపలను కోసి చూస్తే, నీళ్ళలో తేలడానికి చేపకు సాయపడే గాలితిత్తుల్లో మొసలి కోసం ఎదురుచూస్తున్న పిల్లపురుగులు దొరికాయి. ఆ చేపను మొసలి మింగితే పిల్లపురుగు మళ్ళీ పేగు గోడ దాటి ఊపిరితిత్తి చేరుతుంది. లైపీరియా రకాలు మరీ గమ్మత్తైనవి. పిల్లదశలో గుండె దగ్గరి పెద్ద రక్తనాళాల్లో గడిపి, పెద్దయ్యాక శ్వాసనాళంలోకి మారతాయి.

క్రూగర్‌లో దొరికిన ఆ చేప మనకు కొత్తదేమీ కాదు. మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. తమిళులు జిలేబి కెండై అంటారు. చెన్నై చుట్టుపక్కల చెరువుల్లో వల వేస్తే ముందు పడేది అదే. ఆఫ్రికాలో మొసలి పురుగును మోసే చేప, మగ్గర్ ఉన్న చెరువులోనే పుష్కలంగా పెరుగుతోంది. ఒక దేశపు పరాన్నజీవికి మరో దేశంలో దారి దొరకాలంటే కావలసిన సామగ్రి ఎలా సమకూరుతుందో చూడటానికి చెన్నై శివారు చెరువుకంటే మంచి చోటు అక్కర్లేదు. అయితే సామగ్రి ఉన్నంత మాత్రాన వంట అయిపోయినట్టు కాదు. మన మగ్గర్‌కు సొంత పురుగులు ఎప్పటినుంచో ఉన్నాయి. దాని తలలో, ముక్కు వెనక భాగంలో ఉండే సబ్‌ట్రిక్వెట్రా అనే రకాన్ని బెయిర్డ్ 1853లోనే వర్ణించాడు.

ఇంతకీ ఈ పురుగులు మొసలికి చేసే కీడు ఎంత? జవాబు మొసలి వయసును బట్టి, అది ఉన్న చోటును బట్టి మారుతుంది. నదుల్లో తిరిగే పెద్ద మొసళ్ళలో పురుగులు కనబడటం మామూలే, వాటివల్ల చచ్చిపోవడం మామూలు కాదు. కొక్కేలు గుచ్చుకున్న చోట చిన్న గాయాలు, అక్కడక్కడ రక్తస్రావం, బాక్టీరియా దూరడానికి ఒక సందు, అంతవరకే. పిల్లల సంగతి అలా కాదు. బంధించి పెంచిన ఎలిగేటర్ పిల్లల్లో సెబెకియా సోకడం గురించి 1984లో అమెరికా పశువైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ రకం పురుగు పిల్లదశలో ఆశ్రయించే చేపల్లో గంబూసియా ఒకటి. దోమల లార్వాలను తింటుందని మన మున్సిపాలిటీలు బావుల్లో, గుంటల్లో వదిలే చేప అదే. అరచేతిలో పట్టేంత మొసలి పిల్ల ఊపిరితిత్తిలో సెంటీమీటరు పురుగులు పదో పన్నెండో చేరితే గాలి ఆడే చోటెంత మిగులుతుందో ఊహించుకోవచ్చు.

అసలు విషయం ఇక్కడే ఉంది. పురుగు ఉండటం, జబ్బు ఉండటం ఒకటి కావు. స్వేచ్ఛగా తిరిగే మొసలి ఊపిరితిత్తిలో నాలుగు పురుగులు ఉన్నాయంటే ఆ నీళ్ళలో చేపలున్నాయని, వాటిని మొసలి తింటోందని, గుడ్డు నుంచి గొంతు దాకా గొలుసు తెగకుండా నడుస్తోందని అర్థం. నీళ్ళు చచ్చిపోయిన చెరువులో ఈ పురుగు కూడా బతకదు. జబ్బు మొదలయ్యేది ఎక్కువగా మనిషి చెయ్యి పడ్డాకే. ఒకే తొట్టిలో వందల పిల్లల్ని పెట్టడం, ఆ తొట్టిలోకి చెరువు చేపల్ని బతికున్నవి బతికున్నట్టే వేయడం, ఒత్తిడితో రోగనిరోధక శక్తి పడిపోవడం, ఒక చోటి జంతువును తీసుకెళ్ళి మరో చోట వదలడం. పెంపకం దగ్గర దీనికి విరుగుడు పెద్ద సైన్సేమీ కాదు. మంచినీటి చేప బదులు సముద్రపు చేప పెట్టడం, లేదా గడ్డకట్టించి కొన్నాళ్ళు ఉంచిన చేప పెట్టడం. ఎంత చలికి, ఎన్నాళ్ళకు పిల్లపురుగు చస్తుందన్నది రకాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి పెట్టి అయిందనిపించుకుంటే కుదరదు.

జంతువును తరలిస్తే దాని పురుగులూ తరలిపోతాయన్నదానికి ప్రస్తుతం ఫ్లోరిడా పెద్ద రుజువు. పెంపుడు జంతువుల వ్యాపారంతో అక్కడికి చేరిన బర్మీస్ కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో విపరీతంగా పెరిగాయి. వాటితోపాటు ఆసియా పాముల నాలుక పురుగు రాయిల్లియెటియెల్లా ఓరియెంటాలిస్ కూడా వెళ్ళింది. 2018 నాటికి అది స్థానిక పాము జాతుల ఊపిరితిత్తుల్లో కనబడింది. ఆసియా పాములకు తరతరాలుగా అలవాటైన పురుగు, ఎన్నడూ దాన్ని ఎరగని అమెరికా పాముల్లో ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ పరిమాణంలో పెరుగుతోంది. పిగ్మీ ర్యాటిల్ స్నేక్ అనే చిన్న పాము చావులకూ దీన్ని ముడిపెట్టారు. కొండచిలువలు ఇంకా చేరని ప్రాంతాలకూ పురుగు చేరింది, ఎందుకంటే కప్పలు, బల్లులు దాన్ని మోసుకెళ్తున్నాయి. జంతువును పట్టుకోవచ్చు, దాని పురుగును వెనక్కి పిలవలేం.

చెన్నైకి ఈ ఉదాహరణ దూరపుది కాదు. మహాబలిపురం దారిలో, వడనెమ్మేలి దగ్గర, రోములస్ విటేకర్ 1976లో స్థాపించిన క్రొకొడైల్ బ్యాంకు చెన్నై తెలుగు కుటుంబాలకు ఊరినుంచి చుట్టాలొస్తే తీసుకెళ్ళే జాబితాలో తప్పకుండా ఉంటుంది. ఒకప్పుడు అంతరించే దశలో ఉన్న మగ్గర్ అక్కడ ఎంత బాగా పెరిగిందంటే చోటు చాలని పరిస్థితి వచ్చింది. వెయ్యి మొసళ్ళను గుజరాత్‌లోని జామ్‌నగర్ జంతు కేంద్రానికి పంపే నిర్ణయంపై 2022లో మద్రాసు హైకోర్టులో వ్యాజ్యం పడింది, కోర్టు తరలింపుకు అడ్డు చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ బందీగానే పెరిగిన, చేప ఎక్కడిదో లెక్క ఉన్న మొసలికీ, చెరువులో ఏం తిన్నదో ఎవరికీ తెలియని మొసలికీ ఊపిరితిత్తి విషయంలో చాలా తేడా ఉంటుంది. ఊళ్ళోకి వచ్చిన మొసలిని పట్టి ఇంకో నదిలో వదిలేయడం మన దగ్గర తేలిగ్గా తీసుకునే నిర్ణయం. నెడుంగుండ్రం మొసలిని నెడుంగుండ్రంలోనే ఉండనివ్వడానికి ఉన్న కారణాల్లో ఈ పురుగు కూడా ఒకటిగా లెక్కలోకి రావాలి.

ఇంత సమాచారంలో ఆఫ్రికా, అమెరికా, ఆస్ట్రేలియా పేర్లే ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. ఊపిరితిత్తిని చూడాలంటే మొసలి చచ్చి ఉండాలి. ఆ దేశాల్లో కొన్నిచోట్ల లైసెన్సుతో వేట ఉంది, తోలు కోసం పెంపకం ఉంది, కాబట్టి కళేబరాలు దొరుకుతాయి. మన దగ్గర మగ్గర్, పొడుగు మూతి ఘరియల్, ఉప్పునీటి మొసలి మూడూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. అది ఉండాల్సిందే, ఆ చట్టం లేకపోతే ఈ రోజు మాట్లాడుకోవడానికి మొసలే ఉండేది కాదు. చచ్చిన మొసలి కూడా అటవీ శాఖ ఆధీనంలోదే. 2007 డిసెంబర్ నుంచి కొన్ని నెలల్లో చంబల్ నదిలో వందకు పైగా ఘరియల్స్ చచ్చిపోయినప్పుడు దేశవిదేశాల పశువైద్యులు కలిసి వాటిని కోసి చూశారు. మూత్రపిండాలు దెబ్బతిని, అవయవాల మీద యూరిక్ యాసిడ్ పేరుకుపోయిన గౌట్ చావులుగా తేల్చారు. అన్ని ఘరియల్స్ ఒక్కసారిగా పోతే తప్ప అంత శ్రద్ధగా లోపల చూసే సందర్భం రాదు. ఒంటరిగా చచ్చిన మొసలికి రోడ్డు ప్రమాదమా, వల చిక్కుకుందా, విషమా అన్న ప్రశ్నతో పోస్టుమార్టం ముగుస్తుంది. కారణం దొరికాక ఊపిరితిత్తిని గొట్టాల వెంట చివరిదాకా చీల్చి చూసే ఓపిక ఎవరికి?

మనుషుల భయం గురించి కొంచెం. మొసలి పురుగు చేప ద్వారా మనకొస్తుందా అన్న అనుమానం సహజం. ఉడికిన చేపలో పిల్లపురుగు బతకదు, పులుసు తినేవాళ్ళకు బెంగ అక్కర్లేదు. సెబెకియా పిల్లపురుగు మనిషి చర్మంలో చేరిన ఉదంతం కోస్టారికా నుంచి వచ్చింది గానీ అది అరుదులో అరుదు. మనుషులకు ఎక్కువగా సోకేవి పాముల్లో ఉండే ఆర్మిల్లిఫర్, కుక్కల ముక్కులో ఉండే లింగ్వాటులా. మొదటిది సరిగా ఉడకని పాము మాంసం తినేచోట్ల, రెండోది మేక, గొర్రె కాలేయం పచ్చిగా తినేచోట్ల. చెన్నైలో జాగ్రత్త పడాల్సింది మొసలి గట్టున దిగి సెల్ఫీ తీసుకోకుండా ఉండటంలోనే.

చచ్చిన మొసలి కోసం ఎదురుచూడకుండానే తెలుసుకునే మార్గాలు రెండున్నాయి. ఒకటి మలం. గట్టు మీద ఆరిన మొసలి మలాన్ని నీళ్ళలో కలిపి, జల్లించి చూస్తే నాలుక పురుగు గుడ్లు దొరుకుతాయి, లోపల కొక్కేల కాళ్ళతో పిల్ల కూడా కనబడుతుంది కాబట్టి ఇంకో పురుగు గుడ్డుతో పొరబడే అవకాశం తక్కువ. గుడ్లు రోజూ పడవు కాబట్టి ఒకసారి దొరకనంత మాత్రాన పురుగు లేదని చెప్పడానికి లేదు. రెండోది ఇంకా తేలిక. మొసలిని ముట్టుకోవాలంటే అనుమతులు కావాలి గానీ ఆ చెరువులోనే వల వేసి పట్టి, గట్టు మీద కిలోల్లెక్కన అమ్మే జిలేబి కెండైకి ఏ షెడ్యూలూ లేదు. ఒకప్పుడు ఆంధ్ర ప్రాంతపు పశువైద్యులు ఎందరికో చదువు చెప్పిన వేపేరి పశువైద్య కళాశాల ఆ చెరువు నుంచి గంటన్నర దూరం. చేప పొట్ట కోసి, వెన్నెముక కింద తెల్లగా మెరిసే గాలితిత్తిని చిరగకుండా తీసి, ఉప్పునీళ్ళ గిన్నెలో విప్పి వెలుతురుకు పట్టి చూడటం రెండో ఏడాది విద్యార్థి కూడా చేయగల పని.